పుట్టి మీద రాళ్ళు

సువార్తమ్మ పుట్టి మీద రాళ్ళు తీసింది నేనే. మేకలు కాదు, పిల్లలు కాదు, పక్కింటి మరియమ్మ అంతకన్నా కాదు. గురువారం మధ్యాహ్నం అందరూ నీడకు చేరిన వేళ, ఫోటో బాగా రావాలని ఒక్కొక్క రాయీ ఎత్తి పక్కన పెట్టాను. మళ్ళీ పెడదామనే అనుకున్నాను. అన్నానికి పిలిచారు, పోయాను. తిన్నాక కునుకు పట్టింది, పడుకున్నాను. లేచేసరికి పుట్టి పాడైంది. పాడైందని తెలిశాక కూడా, తీసింది నేనని చెప్పడానికి నాకు ఆ సాయంత్రం చాలా సేపు పట్టింది.

ఈ సంగతి ముందే రాసేస్తున్నాను. తిరిగొచ్చాక మా వీధిలో నలుగురికి ఈ ప్రయాణం గురించి చెప్పినప్పుడు పరిగెల పులుసుతో మొదలుపెట్టి, నీళ్ళ అందం దగ్గర ఆపేశాను. రాళ్ళ మాట మింగేశాను. రాతలో కూడా మింగితే నేను అక్కడికి పోయి వచ్చినట్టే కాదు.

కనిగిరి నుంచి

మాది కనిగిరి. చిన్న టెంటు హౌసు నడుపుతాను. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాం. పెళ్ళిళ్ళ రోజుల్లో ప్రభుదాసు అనే అతను వచ్చి మా దగ్గరే ఉండి పందిళ్ళు వేస్తాడు. నిచ్చెన అడగకుండా బొంగు పట్టుకుని పైకి పాకే మనిషి. వానలు వెనకబడ్డాక పనిలోకి వచ్చిన రోజు అతని మొహం వెలిగిపోతోంది.

"మా ఊరు ఈ యేడు దీవి అయిందన్నా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య, నల్లమల కొండల అడుగున ఒక పెద్ద చెరువు. చెరువు నడుమ ఒక తిప్ప. తిప్ప మీద కొన్ని ఇళ్ళు. చెరువు ఎండిన ఏళ్ళలో ఆ ఊరికి చెప్పులేసుకుని నడిచి పోవచ్చు. నిండిన ఏడు మాత్రం పుట్టి లేనిదే ఉప్పు పొట్లం కూడా ఇల్లు చేరదు. వెదురు బద్దలను గుండ్రంగా పెద్ద బుట్టలాగా అల్లి, కింద పట్టా కప్పి, తారు పూసి నీళ్ళలో నడిపేదే పుట్టి. వరసగా కొన్నేళ్ళు ఎండిన చెరువు ఈసారి అంచులదాకా నిండిందట.

"ఒకసారి పోయి చూసి రాన్నా. మా ఇంటిది ఉంటది. మాకు సొంతంగా పుట్టి అల్లించతాంది. ఈడ పందిళ్ళు నేను చూసుకుంటాలే."

మా వైపు నీళ్ళంటే ట్యాంకరు, క్యాను, వాటి ముందు వరస. బోరు నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు పచ్చబడతాయి. చుట్టూ నీళ్ళే ఉన్న ఊళ్ళో మనుషులు ఎట్లా బతుకుతారో చూడాలనిపించి బుధవారం పొద్దున బస్సెక్కాను.

చెరువు పేరూ, తిప్ప అసలు పేరూ రాయడం లేదు. "పేపర్లో వెయ్యమాకు నాయనా, కార్లేసుకొని వచ్చి గ్లాసులు పారేసి పోతారు" అని అక్కడివాళ్ళు నా దగ్గర మాట తీసుకున్నారు. గొర్రెలతిప్ప అనుకుందాం.

బొంగరం గురించి ఒక హెచ్చరిక

మార్కాపురం దగ్గరపడే కొద్దీ రోడ్డు పక్కన పలకరాతి ముక్కల గుట్టలు కనిపిస్తాయి. వాన కురిసి ఆగితే ఆ గుట్టలు నల్లగా నిగనిగలాడతాయి. మా తరం పిల్లలం అక్షరాలు దిద్దింది ఈ రాయి మీదే. బస్టాండు పక్క హోటల్లో దోసె అడిగితే ఎర్రకారం పూసి పైన పప్పులపొడి చల్లి ఇచ్చారు. మా కనిగిరి దోసె చట్నీ మీద బతుకుతుంది. రాయలసీమ వాసన నాకు ఆ పళ్ళెంలోనే తగిలింది.

అక్కణ్ణుంచి ఎక్కిన బస్సులో పక్క సీటు పెద్దావిడ ఒళ్ళో బుట్ట, బుట్టలో రెండు కోళ్ళు. యాడికని అడిగింది, చెప్పాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను కాస్త భారీ మనిషిని.

"తిప్పకా? పుట్టిలో ఎక్కినాక మెదలమాకు సామీ. అది పడవ కాదు, బొంగరం. నీ అంత మనిషి అటు వంగితే అటు పోతాది, ఇటు వంగితే ఇటు పోతాది."

కోళ్ళు కూడా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది.

కట్ట మీద టీ

చెరువు కట్ట మీద వెంకటరెడ్డి అనే రైతుది రేకుల దుకాణం ఉంది. టీ పది రూపాయలు, అడగకుండానే అల్లం దంచి వేస్తాడు. కట్ట కింద ఆయనకు మాగాణి ఉంది. ఇన్నేళ్ళూ అందులో కంప మొలిచింది. ఇప్పుడు నారు పోశాడు. టీ కాచేవాడు కాస్తా మాటిమాటికీ బయటికి వచ్చి పొలం వైపు చూసి లోపలికి పోతున్నాడు.

"నిరుడు ఇదే చెరువులో క్రికెట్ ఆడినారు. అదో, తెల్ల కొంగ నిలబడింది చూడు, అదే పిచ్. ఇప్పుడు బ్యాటింగు కొంగది" అని నవ్వాడు. తిప్పకు మిస్డ్ కాల్ కొట్టి, "వస్తాదిలే, కూసో" అన్నాడు.

నీళ్ళ మీద దూరంగా ఒక నల్లటి చుక్క బయల్దేరింది. తిన్నగా రాదు. చుట్టూ తిరుగుతూ వస్తుంది. దగ్గరికి వచ్చాక చూస్తే అందులో మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేస్తున్న ఒక ఆడమనిషి. చీర కొంగు నడుముకు బిగించి ఉంది. ఆమే ప్రభుదాసు భార్య సువార్తమ్మ.

"టెంటన్నవేనా నువ్వు? ఎక్కు. మధ్యలో కూసో."

నేను ఎక్కి, చుట్టూ చూద్దామని లేచి నిలబడ్డాను. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. మోకాళ్ళదాకా తడిశాను.

"కూసో అన్నా, కూసో! నిలబడి అక్షింతలేసేదానికి పెండ్లా ఏంది?" అని అరిచింది. ఒడ్డు మీద వెంకటరెడ్డి టీ గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ పుట్టి కూడా ఆమెది కాదు. ఊళ్ళో పుట్టులు అల్లే యాకోబుది, అడిగి తెచ్చింది.

నా చెప్పులు

తిప్ప మీద ఇళ్ళన్నీ రేకులవి, కొన్ని బోదగడ్డి కప్పినవి. మధ్యలో చిన్న రేకుల ప్రార్థన మందిరం, దాని మీద మైకు. అందరూ క్రైస్తవ కుటుంబాలవాళ్ళే. నేలలేని కూలీలు. చెరువు ఎండితే పొలం పనులు, మిరపకోతలు. నిండితే చేపలు. చుట్టూ ఇన్ని నీళ్ళుండి తాగడానికి మాత్రం కట్ట మీది నుంచి క్యాన్లు తెచ్చుకుంటారు. ఆ క్యాన్లను చూడగానే మా ఊరు గుర్తొచ్చి, బంధువు ఎదురైనట్టు అనిపించింది.

ప్రతి వాకిట్లోనూ ఏదో ఒక పని నడుస్తోంది. ఒకరు చేపలు పట్టే వెదురు బుట్ట అల్లుతున్నారు, ఒకరు వల చిరుగులు కుడుతున్నారు. సువార్తమ్మ పక్కింటి మరియమ్మ పాత రబ్బరు చెప్పులు ముందేసుకుని కత్తితో గుండ్రంగా బిళ్ళలు కోస్తోంది. వల పైఅంచు నీళ్ళలో తేలాలంటే ఈ బిళ్ళలు కట్టాలి. బజారులో దొరికే ప్లాస్టిక్ బిళ్ళల కంటే చెప్పు రబ్బరు ఎక్కువ కాలం వస్తుందట. అందుకే ఊళ్ళో తెగిన చెప్పు ఎవరూ పారేయరు.

సువార్తమ్మ పెట్టిన సజ్జ సంగటి, పరిగెల పులుసు తిన్నాను. పరిగెలంటే వేలెడు చేపలు, ముళ్ళతో సహా నమలాలి. పులుసులో చింతపండు, పచ్చిమిర్చి తప్ప వేరే ఆర్భాటం లేదు. రెండోసారి వడ్డించుకున్నాను. మా ఇళ్ళలో చుట్టానికి ముందు పెట్టి, తిన్నాక చేతికి నీళ్ళు అందించి, పళ్ళెం తీసుకుపోతారు. ఇక్కడ చుట్టం అందరితో పాటు వరసలో కూర్చోవాలి, ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కోవాలి. నేను పళ్ళెం వదిలేసి లేవబోతే సువార్తమ్మ దాని వైపు చూసింది. "పాస్టరు గారొచ్చినా అంతే అన్నా" అంది. కడిగాను.

పళ్ళెం కడిగి వచ్చేసరికి గుమ్మం బయట నా చెప్పులు లేవు. మరియమ్మ ముందు ఉన్నాయి. కచ్చితంగా చెప్పాలంటే అవి చెప్పులుగా లేవు, నీలం బిళ్ళలుగా ఉన్నాయి.

"అయ్యో, నీవా నాయనా! పట్టీ తెగి సూదితో గుచ్చి ఉంటే పాతవనుకుంటి" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. మరుక్షణం నవ్వేసింది. "పోనీలే. నువ్వు పోయినా నీ చెప్పులు మా చెరువంతా తిరుగుతాయి."

వల దించే ఆదివారం

ఆ సాయంత్రం సువార్తమ్మ వాకిట్లో యాకోబు పని చూశాను. ఎముకల గూడు లాంటి ముసలాయన, నోరు మాత్రం ఊరంత. వరస కలపనిదే మాట్లాడడు. నన్ను చూడగానే "రా అల్లుడా, నీకు కూతుర్నిచ్చిన మామని" అన్నాడు. నేనూ మామా అన్నాను.

నేల మీద పచ్చి వెదురు బద్దలు అడ్డం నిలువు పరిచి చాపలాగా అల్లాడు. అంచులు పైకి లేపి, చుట్టూ పాతిన గూటాలకు తాళ్ళతో లాగి కట్టాడు. నడుమ పెద్ద పెద్ద రాళ్ళు పేర్చాడు. బద్దల మీద నీళ్ళు చల్లాడు. "రేపు సాయంత్రానికి దారికొస్తాది. ఎల్లుండి పట్టా, తారు" అన్నాడు. గిద్దలూరు దగ్గర చుట్టాలింట్లో చావు జరిగిందని, పొద్దున్నే పోయి సాయంత్రానికి వస్తానని చెప్పి ఇంటికి పోయాడు.

రాళ్ళెందుకని నేను అడగలేదు. అడిగే అవసరం ఉందనుకోలేదు. మా పనిలో గాలికి పట్టాలు లేవకుండా అంచుల మీద రాళ్ళు పెడతాం. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. గాలి లేనప్పుడు రాయికి పని లేదు. ఇరవై ఏళ్ళుగా బొంగులతో బతుకుతున్నాను కదా, వెదురు గురించి ఇంకొకరిని అడగడమేమిటనే గర్వం కూడా ఉంది.

పుట్టి ఎందుకంత తొందరో ఆ సాయంత్రం సువార్తమ్మ చెప్పింది. చెరువు నిండాక పిల్లచేపలు ఎదిగేదాకా ఎవరూ పెద్ద వలలు వెయ్యరు. తర్వాత ఒక ఆదివారం ప్రార్థన కాగానే అందరూ ఒకేసారి దిగుతారు. ఆ రోజు ఎవరి పుట్టి ఎక్కడ వల దించితే, చెరువు మళ్ళీ ఎండేదాకా ఆ చోటు వాళ్ళది. సొంత పుట్టి లేనివాళ్ళకు చోటు లేదు. ఇంకొకరి పుట్టిలో తెడ్డు వేసి చిన్న వాటా తీసుకోవాలి. ఆ ఆదివారం ఈ వారమే.

"ఆ వాటాతో ఇల్లు గడవదన్నా. మళ్ళా ఇంటికి తాళమేసి పల్నాడు మిరపకోతలకు పోవాల. చెరువెండినప్పటి నుంచీ అదే పని. పరాయి కల్లంలో పట్టా కింద పండుకుంటే ఆ ఘాటుకు కండ్లు మూతపడవు. ఈ యేడు దేవుడు నీళ్ళిచ్చినాడు, నేను పోను." పడమటి వైపు నీళ్ళలో మునిగిన తుమ్మచెట్ల కొసలు చూపించింది. "నా వల ఆడ. చేప నీడకు చేరతాది."

గురువారం

నేను రాళ్ళు తీసిన సంగతి రాశాను. మా వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి అల్లిక బాగా కనబడాలని తీశాను. ఫోటో బాగానే వచ్చింది. ఇప్పటికీ ఫోనులో ఉంది, ఎవరికీ పంపలేదు.

నిద్ర లేచి చూస్తే పుట్టి నడుమ తాబేలు వీపులాగా పైకి ఉబికి ఉంది. అంచుల్ని తాళ్ళు పైకి లాగుతుంటే, నడుమను నేలకు అదిమి పట్టేది ఆ రాళ్ళే. అవి లేక నడుం లేచింది, లేచినది ఎండకు ఆ వంపులోనే బిగిసింది. అప్పుడే ఊరినుంచి వచ్చిన యాకోబు మోకాలితో అదిమాడు. టప్ టప్‌మని నాలుగైదు బద్దలు విరిగాయి.

"ఎవురు తీసినారు రాళ్ళు?" అన్నాడు. ఆ గొంతులో వరసలు లేవు.

మధ్యాహ్నం మరియమ్మ వల ఆరబెట్టుకుంటాను, రాళ్ళుంటే ఇమ్మని అడగడానికి వచ్చిందట. సువార్తమ్మ నేరుగా ఆమె వాకిట్లోకి పోయింది.

"నా పుట్టి నీళ్ళలో దిగితే నీ చేపలు తగ్గుతాయని గదా నీ బాధ! నోటితో చెప్పుంటే సరిపోయేది గదక్కా!"

"నేను ముట్టుకోలా! లేవని నువ్వు చెప్తివి, నేను వెనక్కి మళ్ళుకుంటిని. బైబిలు తీసుకురా, చెయ్యేసి చెప్తా!"

"పుట్టి ఇరగ్గొట్టిన చేత్తోనా?"

మరియమ్మ కోస్తున్న చెప్పు కింద పెట్టి లోపలికి పోయింది. నేను వేపచెట్టు కింద నిలబడి అంతా విన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. 'సర్దుకుంటారులే, ఆడవాళ్ళ మాటలు' అని నాకు నేను చెప్పుకున్నాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన మాట ఈ ప్రయాణంలో నేను అనుకోలేదు.

పొద్దు గూకాక అక్కడ రోజుకొక ఇంట్లో ప్రార్థన చేస్తారు. ఆ రోజు వంతు సువార్తమ్మది. చాపలు పరిచారు. డప్పు పట్టుకుని పాట ఎత్తాల్సింది మరియమ్మ. ఆమె రాలేదు. డప్పు గోడకు ఆనించి ఉంది. ఎవరో పాట మొదలుపెట్టారు గానీ దరువు లేక అది ముందుకు పోలేదు. అప్పుడు నేను లేచాను.

"రాళ్ళు తీసింది నేను. ఫోటో కోసం."

సువార్తమ్మ చాప మీది నుంచి తలెత్తింది.

"అప్పుడే చెప్పాల్సింది గదన్నా. పుట్టిని మళ్ళా అల్లుకుంటాం. అక్కను అన్న మాట యాడ అల్లేది?"

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఆదివారం ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడంలో పాలుపొందాలంటే ఎవరితోనూ మాట పట్టింపు ఉండకూడదు. ప్రార్థన అక్కడికక్కడే ఆపేసి సువార్తమ్మ లేచింది. నేనూ వెంట పోయాను. మరియమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. సువార్తమ్మ ఆమె పక్కన కూలబడి "తప్పయింది అక్కా" అని చెయ్యి పట్టుకుంది. రాళ్ళు తీసింది నేనేనని నిలబడే చెప్పాను.

మరియమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"చెప్పులు కోసినందుకు పగ తీర్చుకున్నావా ఏంది నాయనా?"

ఆమె లేచి సువార్తమ్మ వెంట నడిచింది. కాసేపటికి డప్పు మోగింది.

పచ్చి వెదురు కోసం

కొత్త ఫైబరు పుట్టి కొనిస్తానన్నాను. చెప్పి తెప్పించేసరికి పక్షం అవుతుంది, ఆదివారం ఆగదు అన్నారు. మా గోడౌనులో బొంగులున్నాయి, ఫోను చేస్తే రేపటికి దిగుతాయి అన్నాను. యాకోబు మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

"నీ ఎండు బొంగులు పొయ్యిలోకి పనికొస్తాయి అల్లుడా. వంచితే ఇరగని వెదురు కావాల. పచ్చిది."

శుక్రవారం తొలి పుట్టికి దాటాను, ఉత్త కాళ్ళతో. మార్కాపురంలో ముందు చెప్పులు కొన్నాను. బుట్టలు అల్లే వీధిలో అడిగితే పచ్చి వెదురు అయిపోయింది, దోర్నాలలో ఉంటుందన్నారు. దోర్నాలలో దొరికింది. వెదురు మోపు భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడితే ఏ ఆటోవాడూ ఆగలేదు. చివరికి శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్న భక్తుల టెంపో ఒకటి ఆగింది. మోపు పైన కట్టి నన్ను సామాన్ల మధ్య కూర్చోబెట్టారు. అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆపి బిల్లు అడిగారు. చూపించాను.

"ఏం కడతారు, పందిరా?" అని అడిగింది ఒక పెద్దావిడ, నా చేతిలో ప్రసాదం పెడుతూ.

"పుట్టి అమ్మా. నేను పాడు చేసింది మళ్ళీ అల్లాలి."

ఆవిడ ఇంకో లడ్డు ముక్క పెట్టింది. దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి సాయంత్రం యాకోబుకు ఇస్తే, ఎవరి దేవుడిదని అడగకుండా నోట్లో వేసుకున్నాడు. "తీపి తీపే" అన్నాడు.

రాయి పని

శనివారం యాకోబు విరిగిన బద్దలు ఊడదీశాడు. మిగిలినవాటికి తడి గోనెలు చుట్టి మెత్తబరిచాడు. వెదురు చీల్చడం నాకు అప్పగించాడు. చీల్చాను. వేళ్ళు కూడా చీరుకున్నాయి. మరియమ్మ పసుపు తెచ్చి అద్ది, "ఫోటో తీసుకోవా?" అంది.

మధ్యాహ్నానికి అల్లిక పూర్తయి, అంచులు తాళ్ళకు కట్టారు. నేను రాళ్ళ కోసం వంగాను.

"రాళ్ళెందుకు? తీసినోడే కూసోవాల" అన్నాడు యాకోబు. "రాయి సల్లగా పడుంటాది. నువ్వైతే యాడ లేస్తాంటే ఆడికి జరుగుతావు. నీ బరువుకు పనిచ్చే రోజొచ్చింది అల్లుడా."

కూర్చున్నాను. ఎండ నడినెత్తి మీద. ఇటు జరుగు, అటు జరుగు అని యాకోబు కేకలు. సువార్తమ్మ బద్దల మీద నీళ్ళు చల్లుతూ చల్లుతూ నా నెత్తిన కూడా చల్లింది. అటుగా పోయేవాళ్ళు ఆగి చూశారు. "టెంటన్న రాయైనాడు" అని ఊరంతా పాకింది. లేచి పోదామని నాకు అనిపించలేదు. కింద వెదురు మెల్లగా మెల్లగా నేలకు ఒదగడం కాళ్ళకు తెలుస్తుంటే, రెండు రోజుల నుంచి ఛాతీలో ఉన్న బిగువు కూడా కొంత వదిలింది.

పొద్దు వాలే వేళకు పట్టా కప్పి, తారు కాచి పూశారు. తారు రెండు పూతలు వెయ్యాలి, మధ్యలో ఒక రోజు ఎండ తగలాలి. ఆ రోజు నేను తినేశాను. ఒక్క పూతే పడింది.

ఆదివారం

బల్ల ఆరాధన అయ్యాక అందరూ ఒడ్డుకు వచ్చారు. పాస్టరు నీళ్ళ వైపు చెయ్యి చాపి చిన్న ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే పుట్టులు నీళ్ళలోకి జారాయి. యాకోబు సువార్తమ్మ పుట్టిని దించి, లోపలికి తొంగి చూశాడు. అడుగున అప్పుడే చెమ్మ.

"ఒక్క పూత గదా, ఊరతాది. ఒకరు తెడ్డెయ్యాల, ఒకరు నీళ్ళు ఎత్తిపొయ్యాల. మొగుడేమో కనిగిరిలో పందిరి మీద ఉండె. వచ్చేది ఎవురు?"

మిగిలినవాళ్ళంతా ఎవరి పుట్టిలో వాళ్ళు ఉన్నారు.

"నేనొస్తాను" అన్నాను.

"ఈత వస్తాదా?"

"రాదు."

సువార్తమ్మ నన్ను చూసింది, నీళ్ళను చూసింది, పడమటి తుమ్మల వైపు పోతున్న పుట్టులను చూసింది. "ఎక్కు. నిలబడితే నేనే తోసేస్తా" అంది.

మరియమ్మ తన పుట్టిలోంచి ఒక సత్తు గిన్నె మా వైపు విసిరింది. "చిన్న చెంబులు నీకు ఆనవు నాయనా, ఇది పట్టు."

ఒడ్డు దాటగానే నీళ్ళు ఊరడం మొదలైంది. మొదట మడమలు, తర్వాత చీలమండలు. నేను తల వంచి గిన్నె ముంచడం, బయటికి విసరడం. ముంచడం, విసరడం. పుట్టి తిరుగుతోంది. ఆకాశం ఎటుందో కొండలు ఎటున్నాయో చూడలేదు. చీరుకున్న వేళ్ళు నీళ్ళకు మండుతున్నాయి. వెనకనుంచి తెడ్డు చప్పుడు, ఆమె ఊపిరి వినిపిస్తున్నాయి.

ఒకచోట తెడ్డు ఆగింది. చచ్చేంత భయం వేసింది. తలెత్తి చూస్తే మా చుట్టూ తుమ్మచెట్ల కొసలు. అక్కడ ఇంకెవరి పుట్టీ లేదు. కొంచెం అవతల మరియమ్మ తన వల దించుతూ, ఇంకో పుట్టి ఇటు తిరగబోతే "అది మా సువార్తదిరా, అవతలికి పో!" అని కేకేస్తోంది.

సువార్తమ్మ వల చివరను చెట్టు కొసకు కట్టింది. మడతలు విప్పి నీళ్ళలోకి జారవిడవసాగింది. నవ్వుతోంది. నేను గిన్నె పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయాను. పుట్టి అడుగున నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి.

"ఏందన్నా చూస్తాండవు? వల ఇంకా సగం ఉంది. ఎత్తిపొయ్!"

తల వంచి గిన్నె ముంచాను.